చిన్న పిల్లలతో టై-డై: పసుపా, ప్యాకెట్ రంగా?

టై-డై అంటే కట్లు కట్టి రంగులో ముంచడం. పోచంపల్లి, పుట్టపాక లాంటి చేనేత ఊళ్లలో నేయకముందే నూలుకు కట్లు కడతారు. పిల్లలు కట్టేది కుట్టిన బనియనుకు. సూత్రం ఒకటే: కట్టు బిగిసిన చోటికి రంగు దిగదు. నాలుగైదేళ్ల పిల్లలకు అది కట్లు విప్పినప్పుడే అర్థమవుతుంది. వదులుగా కట్టినచోట తెల్లని వలయం రాదు, మరుసటిసారి వాళ్లే బిగించి కడతారు. కట్టే బట్ట లోపల చింతగింజ పెట్టిస్తే వేళ్లకు పట్టు దొరుకుతుంది. గింజలు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోవాలి.

ఖర్చు: పసుపు వంటింట్లోదే. ప్యాకెట్ రంగైతే రియాక్టివ్ రంగు (నూలుకు గట్టిగా అంటుకునే రసాయన రంగు), బట్టల సోడా, గ్లౌజులు కొనాలి.

శ్రమ: లీటరు నీళ్లలో మూడు చెంచాల పసుపు పావుగంట మరిగించి, గోరువెచ్చగా అయ్యాక బనియను అరగంట నానబెడితే చాలు. ప్యాకెట్ రంగైతే రాత్రంతా తడిగా కవర్లో ఉంచాలి. ఆరిపోతే సరిగా పట్టదు.

ప్రమాదం: ప్యాకెట్ రంగు పొడి ముక్కులోకి పోకూడదు, సోడా నీళ్లకు చర్మం మండుతుంది. కలపడం, ముంచడం పెద్దల పనే. పిల్లలకు కట్టడమే మిగులుతుంది, నేర్చుకునేది సగం పోయినట్టే.

పసుపు ఎండకు వెలుస్తుంది, నిజమే. కానీ సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, నిమ్మరసం పిండితే మళ్లీ పసుపుపచ్చగా మారుతుంది. పిల్లలు ఆ ఆట ఒక పట్టాన వదలరు.

అంగన్‌వాడీ వయసుకు పసుపే సరి. ఎనిమిదేళ్లు దాటినవాళ్లు, ఉతికినా నిలిచే చొక్కా కావాలంటే ప్యాకెట్ రంగు. ఏదైనా నూలు బట్టకే; పాలిస్టర్ కలిసిన స్కూలు చొక్కాకు రెండూ సరిగా పట్టవు.