"గ్రాంట్ మేం తెప్పిస్తాం" అనే కన్సల్టెంట్లతో సంతకం పెట్టేముందు ఇది చదవండి

అమెరికాలో మన కిరాణా షాపులు, హోటళ్ళు, సెలూన్లు ఉన్న వీధుల్లో వ్యాపారుల సంఘాలు నడుపుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఏరియా అభివృద్ధికి ప్లాన్ వేయిస్తాం, దానికి ప్రభుత్వ గ్రాంట్ కూడా తెప్పిస్తాం అంటూ ఒక కన్సల్టింగ్ సంస్థ మా సంఘాన్ని బాగా ఇబ్బంది పెట్టింది. డబ్బు గొడవ ఇంకా తేలలేదు కాబట్టి పేరు రాయడం లేదు. కానీ వాళ్ళు చెప్పే మాటలు మీకు తెలియాలి. అవే మాటలు రేపు మీ దగ్గరికి వచ్చి చెప్పేవాళ్ళు ఇంకా ఉంటారు.

మొదటి మీటింగ్‌లో అన్నది ఇది: "మీకు పెద్దగా ఖర్చుండదు. గ్రాంట్ వచ్చాక అందులోంచే పది శాతం మాకివ్వండి చాలు." చందాలతో నడిచే సంఘానికి ఇది వరంలా వినిపిస్తుంది. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఫెడరల్ గ్రాంట్‌లో ఖర్చుపెట్టే ప్రతి డాలరుకూ లెక్క చూపాలి. గ్రాంట్ మంజూరు తేదీకి ముందు చేసిన ఖర్చును, ఇచ్చే ఏజెన్సీ ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప, అందులో రాసుకోలేం. తెచ్చిపెట్టినందుకు కమిషన్ అని బడ్జెట్‌లో చూపించే దారే లేదు. మరి ఆ పది శాతం ఎక్కడి నుంచి రావాలి? సభ్యుల చందాల్లోంచే. గ్రాంట్ దరఖాస్తులు రాసేవాళ్ళ సంఘం, గ్రాంట్ ప్రొఫెషనల్స్ అసోసియేషన్, నైతిక నియమావళి కూడా శాతం లెక్కన ఫీజు తీసుకోవడాన్ని ఒప్పుకోదు. పనికి ఇంత అనో, గంటకు ఇంత అనో చెప్పే కన్సల్టెంట్‌తోనే మాట్లాడండి.

తర్వాత "ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఫీజు" అని ఒక బిల్లు వచ్చింది. ఫెడరల్ గ్రాంట్ కావాలంటే సంస్థలు పేరు నమోదు చేసుకునే ప్రభుత్వ వెబ్‌సైట్ శామ్ డాట్ గవ్‌లో రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. 2022 ఏప్రిల్ నుంచి సంస్థలను గుర్తించడానికి పాత డన్స్ నంబర్ బదులు వాడుతున్న యూఈఐ నంబర్ కూడా అక్కడే పైసా ఖర్చు లేకుండా ఇస్తారు. ఫెడరల్ గ్రాంట్లకు దరఖాస్తు పెట్టే వెబ్‌సైట్ గ్రాంట్స్ డాట్ గవ్‌లో దరఖాస్తుకూ ఫీజు లేదు. ఫారాలు నింపిపెట్టినందుకు మా కూలి అని అడిగితే అది వేరే విషయం, బేరమాడుకోవచ్చు. దాన్ని ప్రభుత్వ ఫీజు అని బిల్లులో రాయడం మాత్రం మోసమే.

ఇక గ్రాంట్ సంగతి. సిటీకి వచ్చే సీడీబీజీ (ఊళ్ళ అభివృద్ధికి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్) నిధుల్లోంచి ప్లానింగ్‌కు పెద్ద మొత్తం ఖాయం అన్నారు. 1974 చట్టంతో మొదలైన ఈ కార్యక్రమంలో ప్లానింగ్, పరిపాలన ఖర్చులు రెండూ కలిపి ఆ నిధుల్లో 20 శాతం దాటకూడదు. అంటే మన వీధి ప్లాన్ అడిగే డబ్బు, సిటీ తన సిబ్బంది ఖర్చులకు వాడుకునే డబ్బు ఒకే పరిమితి కింద ఉంటాయి. అందులో మిగిలేది ఎంతో సిటీ ఆఫీసులో అడిగితే చెబుతారు. మా సెక్రటరీ ఫోన్ చేసినప్పుడు అక్కడి ఆవిడ ఎంతో ఓపిగ్గా వివరించింది. పైగా ఈ డబ్బు చాలా చోట్ల ముందుగా చేతికి రాదు. మనం ఖర్చుపెట్టి, రసీదులు పంపాక తిరిగి ఇస్తారు. చేతిలో నిల్వ లేని సంఘం అప్పటిదాకా ఎలా నెట్టుకొస్తుందో కన్సల్టెంట్ ఒక్కసారి కూడా ప్రస్తావించలేదు.

చివరికి చేతికి వచ్చిన "ప్లాన్" చూస్తే కడుపు మండింది. మా వీధిలో ఉన్నది బస్సులే. రిపోర్టులో మాత్రం "లైట్ రైల్ స్టేషన్ చుట్టూ దుకాణాలు" అని ఒక పేరా ఉంది, ఇంకెవరికో రాసినదాంట్లోంచి ఎత్తేసినట్టు స్పష్టంగా తెలుస్తోంది. మూలమీది ఫొటోలో ఎప్పుడో మూసేసిన లాండ్రీ బోర్డు అలాగే ఉంది. అంటే మా వీధిలో నడిచి తీసిన ఫొటో కాదది. మార్కెట్ విశ్లేషణ అంటూ పెట్టిన పట్టికలన్నీ సెన్సస్ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోగలిగినవే. దుకాణదారుల అభిప్రాయాల కోసం మీటింగ్ పెట్టింది పనిదినం మధ్యాహ్నం. ఆ వేళ షాపు వదిలి ఎవరొస్తారు?

అన్నిటికన్నా నష్టం చేసింది మ్యాప్. ఏరియా మొత్తానికి మేలు అనే లెక్కన సీడీబీజీ రావాలంటే అక్కడ నివసించేవాళ్ళలో సాధారణంగా కనీసం 51 శాతం తక్కువ, మధ్యస్థ ఆదాయం వాళ్ళై ఉండాలి. ఆ శాతాన్ని లెక్కగట్టేది సెన్సస్ బ్లాక్ గ్రూపుల (జనాభా లెక్కల కోసం విడదీసిన చిన్న ప్రాంతాల) లెక్కతో. వీళ్ళు జిప్ కోడ్ హద్దులు పట్టుకుని లెక్క వేశారు. సిటీవాళ్ళు మొదటి పేజీల్లోనే తిప్పి పంపేశారు. మళ్ళీ లెక్క వేయమంటే "అది అదనపు పని" అని ఇంకో బిల్లు!

మీరు ఒప్పందం చూసేటప్పుడు నేను పట్టుబట్టమనే విషయాలు కొన్ని. రిపోర్టుతో పాటు మ్యాపుల ఫైళ్ళు, లెక్కల స్ప్రెడ్‌షీట్లు కూడా సంఘం సొత్తని రాయించుకోండి. మాకు చేతికొచ్చింది పీడీఎఫ్ ఒక్కటే, అందులో ఒక్క గీత మార్చుకోవాలన్నా మళ్ళీ వాళ్ళనే అడగాలి. సిటీ తిప్పి పంపితే తప్పులు ఉచితంగా సరిచేయాలని రాయించుకోండి. చివరి వాయిదా సిటీ రిపోర్టును తీసుకున్నాకే ఇవ్వాలి. ఇంకొకటి, ఫెడరల్ డబ్బుతో టెండర్ పిలిచేటప్పుడు దాని నిబంధనలు రాసిపెట్టిన సంస్థ అదే టెండర్‌లో పోటీకి దిగకూడదు. "ప్లాన్ మేమే వేస్తాం, టెండర్ కాగితాలు మేమే రాస్తాం, అమలు కూడా మాదే" అన్న ప్యాకేజీలో సంతకం పెడితే "ఈ ఖర్చు మేం ఒప్పుకోం" అని ప్రభుత్వం తర్వాత చెప్పేది మీకే.

ఎవరినైనా పెట్టుకునే ముందు శామ్ డాట్ గవ్‌లో నిషేధిత సంస్థల జాబితాలో ఆ పేరుందేమో వెతకండి, నిమిషం పని. వాళ్ళు చూపించే పాత క్లయింట్లకు మీరే ఫోన్ చేసి, గ్రాంట్ నిజంగా వచ్చిందా, ఎంత ఖర్చయింది, ఫైళ్ళు ఇచ్చారా అని అడగండి. ఒక్కో షాపు వ్యాపార ప్రణాళిక వరకే అయితే ఎస్‌బీడీసీ (చిన్న వ్యాపారాలకు సాయపడే) కేంద్రాల్లో సలహా ఉచితంగా ఇస్తారు. ఇలాంటి ఒప్పందం ఇప్పుడు మీ టేబుల్ మీద ఉంటే, పది శాతం అన్న క్లాజు కొట్టించేదాకా సంతకం ఆపండి.