మూడేళ్ల ఉతుకుల తర్వాత ఒక చేనేత దుకాణం

బట్టల దుకాణం మీద అభిప్రాయం కొన్న సాయంత్రమే రాస్తే అది దుకాణం వారి మాటకారితనం మీద రాసినట్టవుతుంది గాని బట్ట మీద రాసినట్టు కాదు. గుంటూరు బ్రాడీపేటలో ఒక అడ్డరోడ్డు మీద ఉన్న చిన్న చేనేత వస్త్రాల దుకాణంలో నేను 2022 శ్రావణమాసంలో ఒక మంగళగిరి నూలు చీర, డ్రెస్సులకు ఆరు మీటర్ల మంగళగిరి గుడ్డ, పెడన కలంకారీ దుప్పటి, దానికి జతగా రెండు దిండు గలీబులు, పడమటి గది కిటికీలకు పది మీటర్ల కర్టెన్ గుడ్డ కొన్నాను. అన్నీ కలిపి 7,690 రూపాయలైంది. బిల్లు రాస్తూ యజమాని "ఇవి ఎప్పటికీ పాతబడని రకాలమ్మా, మీ మనవరాళ్లు కూడా కట్టుకుంటారు" అన్నారు. మనవరాళ్ల దాకా ఆగలేను కనుక మూడేళ్లు కట్టి, పరచి, ఉతికి, ఎండలో ఆరవేసిన తర్వాత ఇది రాస్తున్నాను. ఇందులో ఒక తగాదా కూడా ఉంది కాబట్టి దుకాణం పేరు చెప్పడం లేదు. బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో ఇటువంటి దుకాణాలు ఇంకా ఉన్నాయి, చూసుకోవలసిన విషయాలు అన్నింటా ఒకటే.

దుకాణం పెద్దది కాదు. బొమ్మలకు చీరలు కట్టి నిలబెట్టిన అద్దాల గది లేదు. తెల్ల దుప్పటి పరచిన పరుపు మీద కూర్చోబెట్టి ఒకదాని వెంట ఒకటి విప్పి చూపిస్తారు. లోపల ఉన్నవి ట్యూబులైట్లే. మొదట చూసిన చీర నచ్చిందని అనగానే యజమాని దాన్ని మడత పెట్టించకుండా వాకిట్లోకి తీసుకువెళ్లి పగటి వెలుగులో చూసుకోమన్నారు. లైటు కింద నిగనిగలాడే వంగపండు రంగుగా కనిపించినది బయటికి వచ్చేసరికి మట్టి కలిసిన ఎరుపుగా తేలింది. దాన్ని వదిలి నెమలికంఠం రంగు తీసుకున్నాను. అమ్ముడుపోయే సరుకును తన చేత్తోనే వెనక్కి పెట్టించుకున్న వ్యాపారి మీద నమ్మకం కలగడం సహజం. ఆ నమ్మకమే కాసేపటికి దిండు గలీబుల దగ్గర నన్ను ఏమరుపాటులో పడేసింది.

ముందు చీర సంగతి. మంగళగిరి మాకు ఇరవై కిలోమీటర్లు. అక్కడి గుంట మగ్గాల మీద నేసే చీరకు ఒళ్లంతా సాదాగా ఉండటమే లక్షణం. లోపల బుటాలు ఉండవు, అలంకారమంతా అంచులోనూ కొంగులోని జరీ చారల్లోనూ ఉంటుంది. నేను తీసుకున్నది పడుగూ పేకా 80 నంబరు నూలుతో నేసిన నిజాం అంచు రకం. సన్నని జరీ గీత మీద చిన్న చిన్న గోపురాలు చీమల బారులా వరుస కట్టి ఉంటాయి, వేలితో తడిమితే ఆ చోట బట్ట కాస్త గరుకుగా తగులుతుంది. ధర 1,950 రూపాయలు. నూలులో కల్తీ లేదని చూపించడానికి కొంగు చివర నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చారు. కాగితం కాలిన వాసన వచ్చి బూడిద పొడిగా రాలింది. పాలియెస్టర్ కలిసి ఉంటే కరిగి గట్టి పూసలా ముద్దకట్టేది. అయితే ఆ పరీక్ష నూలును రుజువు చేస్తుంది గాని మగ్గాన్ని రుజువు చేయదు, మరమగ్గం మీద నేసిన నూలు కూడా అలాగే కాలుతుంది. 2006లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ చీటీ ఏదని అడిగితే "నేసేవాళ్ల దగ్గర నుంచి నేరుగా తెస్తామమ్మా, చీటీలు ఎవరు కుడతారు" అన్నారు. నాకు ఆ జవాబు చాలలేదు, అయినా చీర తీసుకున్నాను.

కొత్తలో ఈ చీర కాగితంలా ఉంటుంది. మొదటిసారి కట్టినప్పుడు గంజి బిగువుకు కుచ్చెళ్లు విసనకర్రలా విచ్చుకున్నాయి, కూర్చుంటే ఒడిలో గుట్టగా లేచాయి. ఇది లోపం కాదు గాని కొన్న మర్నాడే ఆఫీసుకు కట్టుకుపోదామనుకునే వారికి ముందే చెప్పవలసిన మాట. మూడు ఉతుకులకు మెత్తబడింది. మొదటి ఉతుకుకు ముందు గుప్పెడు రాళ్లుప్పు వేసిన చన్నీళ్లలో నానబెట్టమని దుకాణంలోనే చెప్పారు, అలాగే చేశాను. నీళ్లలోకి కొద్దిగా నీలం దిగి, రెండోసారికి ఆగిపోయింది. వారు చెప్పనిది ఫాల్ సంగతి. ఫాల్ గుడ్డను తడిపి ఆరవేయకుండానే కుట్టించాను, అది ఉతుకులో కుదించుకుపోయి అంచు పొడవునా చీరను ముడతలు పడేలా లాగింది. విప్పించి మళ్లీ కుట్టించడానికి 120 రూపాయలూ ఒక ఆదివారమూ పోయాయి.

ఈ మూడేళ్లలో దానికి నలభై ఉతుకులకు తక్కువ పడి ఉండవు. మొదటి ఏడాది తర్వాత రంగు పెద్దగా దిగలేదు. జరీ మాత్రం పాదాల దగ్గర మెరుపు తగ్గి తోమని ఇత్తడి చెంబు రంగుకు వచ్చింది. ఈ ధరలో వచ్చేది వెండి జరీ కాదు, వారూ అలా అని చెప్పి అమ్మలేదు. మా అత్తగారి పెట్టెలో 1980ల నాటి మంగళగిరి చీర ఒకటి ఉంది. రెండింటినీ మంచం మీద పక్కపక్కన పరిచి చూస్తే ఏది ఏ కాలానిదో చెప్పడానికి అంచు వెడల్పు తప్ప నాకు వేరే ఆధారం దొరకలేదు: ఆవిడ చీర అంచు రెండు వేళ్లు, నాది అరచెయ్యంత. కాలంతో పాటు మారేవి ఎక్కువగా చీర ఒంటి మీది పువ్వులూ, రంగుల జోడింపులూ కనుక, ఆ రెండూ లేని చీర పాతబడాలన్నా దానికి దారి దొరకదు. అదే బీరువాలో 2016లో కొన్న నెట్ చీర ఒకటి, బట్ట చెడకుండా, ఒక్క పూస రాలకుండా, పాతబడి కూర్చుంది.

డ్రెస్సుల గుడ్డ గురించి చెప్పవలసింది తక్కువ. మీటరు 240 రూపాయలు. తడిపి ఆరవేసి టైలరుకు ఇచ్చాను కనుక కురచ కాలేదు. కుట్టించిన రెండు డ్రెస్సుల్లో ఒకటి భుజం కుట్టు దగ్గర వెలిసింది, రెండోది ఇప్పటికీ బయటికి వేసుకువెళ్లే స్థితిలో ఉంది.

దుప్పటి దగ్గర మాత్రం కాస్త ఆగి మాట్లాడాలి. 90 అంగుళాల వెడల్పు, 108 అంగుళాల పొడవు, ధర 1,350 రూపాయలు. మధ్యలో లతలు, నాలుగు వైపులా మామిడిపిందెల అంచు. పెడన పని శ్రీకాళహస్తిలో కలంతో గీసే కలంకారీ కాదు, టేకు చెక్కలో చెక్కిన అచ్చులతో అద్దేది. గుడ్డను ముందుగా కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును అద్దిన చోటే ఆపి పక్కకు పాకనివ్వదు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లంతో ఊరవేసి తీసిన ద్రావకాన్ని అద్దితే కరక్కాయతో కలిసి నల్లగీత పడుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు అద్ది, ఉతికి, ఆపైన ఎర్ర రంగు దినుసుతో పాటు జాజాకు వేసి గుడ్డంతా ఉడికిస్తారు. పటిక పడిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. అలా ఉడికి పట్టిన రంగు కనుక అది ఉతుకుకు లొంగదు.

అచ్చు పనిని గుర్తుపట్టడం కష్టం కాదు. చెయ్యి అచ్చును ఎత్తి పక్కన మళ్లీ పెట్టిన ప్రతిచోటా గీత వెంట్రుకవాసి తప్పుతుంది. నా దుప్పటి ఎడమ అంచున ఏడో మామిడిపిందె పక్కదాని మీదికి ఎక్కి, రెండింటి తొడిమలూ ఒకటిగా అతుక్కుపోయాయి. పక్క సర్దేటప్పుడు దిండ్లవైపు ఏదో, కాళ్లవైపు ఏదో నేను ఆ కవల పిందెలను బట్టే గుర్తుపడతాను. తిరగేసి చూస్తే రంగు వెనక్కి కూడా దిగి ఉంటుంది. మూడేళ్లకు ఎరుపు ఇటుక రంగులోకి మెత్తబడింది, నలుపు ఉన్నది ఉన్నట్టే ఉంది గాని, నలుపు దట్టంగా పడిన రెండు చోట్ల గుడ్డ పలుచబడింది. అది ఇనుప ద్రావకం గుణం. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో పెడన పక్కనే ఉన్న బందరులో దిగిన తర్వాతి వందేళ్లలో మన తీరపు అద్దకాలు ఇంగ్లండులో మంచాలకూ గోడలకూ ఆడవారి గౌన్లకూ ఎంతగా పాకాయంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు గొడవ చేసి అద్దకపు నూలు బట్టను వాడకూడదని 1721లో చట్టమే చేయించారు. ఫ్రాన్సు 1686లోనే నిషేధించింది. చట్టం పెట్టి మాన్పించవలసి వచ్చిన ఆ సరుకు కోవదే నా మంచం మీద 1,350 రూపాయలకు పడి ఉందని మా వారితో అంటే, "అయితే బేరం ఆడకుండా తెచ్చావన్నమాట" అన్నారు.

మా మేనకోడలి పెళ్లికి గోరింటాకు పెట్టడానికి వచ్చిన అమ్మాయి, ఫోనులో డిజైన్లు చూపించీ చూపించీ విసిగిపోయి, చివరికి తను కూర్చున్న ఈ దుప్పటి అంచునే చూస్తూ కోనుతో పెళ్లికూతురి ముంజేతి చుట్టూ మామిడిపిందెల వరుస దింపింది. పదిహేను రోజుల్లో గోరింటాకు వెలిసింది. ఆ పిందెనే పచ్చబొట్టుగా వేయించుకుంటానని మా మేనకోడలు కొన్నాళ్లు పట్టుబట్టింది, వాళ్ల అమ్మ ఒప్పుకోలేదు. మా అమ్మమ్మ ముంజేతి మీద చుక్కల ముగ్గులాంటి పచ్చబొట్టు ఉండేది; ఆవిడను ఎవరూ వద్దన్నట్టు లేదు.

ఇక తగాదా. దిండు గలీబులు జత 350 రూపాయలు. దుప్పటి మీది మామిడిపిందెలే కదా అని వెనక్కి తిప్పి చూడకుండా తీసుకున్నాను. మొదటి ఉతుకులోనే బకెట్టు ఎర్రబడి, మా వారి తెల్ల బనియన్లు నాలుగు గులాబీ రంగుకు తిరిగాయి. అప్పుడు పట్టి చూస్తే ప్రతి పిందె పక్కదానికి నకలులా, ఎక్కడా ఒక్క గీత తప్పకుండా ఉంది. వెనకవైపు దాదాపు తెలుపు. అది స్క్రీన్ ప్రింటు. గలీబులూ బిల్లూ పట్టుకుని వెళ్లాను. బిల్లులో దుప్పటికీ గలీబులకూ ఒకే మాట రాసి ఉంది, పెడన కలంకారీ అని. "స్క్రీనుది కూడా పెడనలోనే చేస్తారమ్మా, నేను అబద్ధం రాయలేదు" అన్నారు యజమాని. పెడనలో స్క్రీన్ పని జరుగుతుందన్నది నిజమే. అడక్కపోతే చెప్పనక్కరలేదనుకోవడం మాత్రం అబద్ధానికి ఎంతో దూరంలో లేదు. ఆయన తల వెనక గోడ మీద అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదన్న బోర్డు ఉంది. అరగంట మాటల తర్వాత డబ్బు ఇవ్వలేదు గాని ఆ 350కి బదులు వేరే సరుకు తీసుకోమన్నారు. చీరాల తువ్వాళ్లు రెండు తెచ్చుకున్నాను. బనియన్ల సంగతి నేను ఎత్తలేదు. ఈ మధ్య వెళ్లినప్పుడు స్క్రీన్ సరుకు వేరే అరలోకి మారి కనిపించింది, పైన చీటీ మాత్రం లేదు. ఇప్పటికీ అడిగిన వారికే తేడా తెలుస్తుంది.

కర్టెన్ల మీద నా ఫిర్యాదు ఇంకొక రకం. మీటరు 260 రూపాయల అచ్చు అద్దకం, సహజ రంగులు, ఎర్రపూల తీగకు ముదురాకుపచ్చ ఆకులు. రంగు పోదని గట్టిగా చెప్పారు. గుంటూరు ఎండ పడమటి కిటికీ మీద మధ్యాహ్నం రెండు నుంచి పొద్దు కుంకేదాకా పడుతుంది. రెండు వేసవులు గడిచేసరికి పూలు ఎర్రగానే ఉన్నాయి గాని ఆకులన్నీ నీలంగా మారాయి. కారణం తర్వాత తెలిసింది. ఈ పనిలో ఆకుపచ్చ ఒకే రంగు కాదు. నీలిమందు నీలం మీద దానిమ్మ తొక్క వంటి దినుసు పసుపు కలిస్తేనే పచ్చ వస్తుంది, ఎండకు ముందుగా ఎగిరిపోయేది ఆ పసుపే. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న మన తీరపు పాత అద్దకాల్లో కూడా ఆకులు నీలంగా కనిపించేది ఇందుకే. కొత్తగా ఇంటికి వచ్చినవాళ్లు ఆ నీలం ఆకులు భలే ఉన్నాయంటారు, నేను కాదనను. అయితే "ఉతుకుకు పోదు, ఎండకు పోతుంది" అని దుకాణంలో ఒక్క మాట చెప్పి ఉంటే వెనక లైనింగు వేయించుకునేదాన్ని, లేదా ఉత్తరపు గదికి వాడుకునేదాన్ని. నూలు గురించి అగ్గిపుల్ల గీసి మరీ చూపించిన మనిషి రంగు గురించి అంత జాగ్రత్త చూపకపోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంది.

మంగళగిరి చీరలకైతే నేను మళ్లీ అక్కడికే వెళతాను, వెళ్లాను కూడా. కలంకారీకి వెళ్లేవారు గుడ్డను తిరగేసి చూడండి, అంచున ఒక తప్పయినా కనిపించేదాకా వెతకండి, బిల్లులో అచ్చు అద్దకం అని రాయించుకోండి. ఆదివారం మధ్యాహ్నం తర్వాత మూసేస్తారు. ఫోన్‌పే తీసుకుంటారు. ముందు బండి పెట్టుకునే చోటు ఉండదు, పక్క లైనులో పెట్టి నడవాలి.

పడమటి కిటికీకి అదే తీగ మళ్లీ కావాలని, ఈసారి లైనింగుతో సహా కుట్టించుకుంటానని కిందటి నెల చెప్పి వచ్చాను. యజమాని అక్కడే పెడనకు ఫోను చేశారు. ఆ తీగ అచ్చు అంచులు అరిగి ఊడిపోయాయట, కొత్తది చెక్కించాలట, ఆకు కొస పాతదానిలా రాకపోవచ్చట. పరవాలేదన్నాను. బయానా ఇవ్వబోతే అచ్చు వచ్చాక చూద్దామమ్మా అని తీసుకోలేదు. పెడన నుంచి ఇంకా కబురు రాలేదు.