ఎక్స్‌పోలో హాట్ టబ్ కొనేవాళ్ళకు జాగ్రత్త: "మామూలు ప్లగ్ చాలు" అనే మాట మీద డబ్బు కట్టకండి

అమెరికాలో చలి ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో ఇల్లు కొనుక్కుని, వెనక పెరట్లో హాట్ టబ్ (కూర్చునే వేడి నీళ్ళ తొట్టి) పెట్టించుకుందామని చూస్తున్న మన తెలుగువాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఫెయిర్‌గ్రౌండ్స్‌లోనో కన్వెన్షన్ సెంటర్లలోనో శని, ఆదివారాలు పెట్టే హాట్ టబ్ ఎక్స్‌పోల్లో ఒకే పాట పాడుతున్నారు. "మామూలు ప్లగ్‌కి తగిలిస్తే చాలు, వైరింగ్ అక్కర్లేదు, కరెంటు నెలకి ఇరవై ముప్ఫై డాలర్లు దాటదు" అని. మేము ఒహాయోలో, కొలంబస్ దగ్గర ఉంటాం. ఆ మాటలతో అమ్మిన టబ్ మా ఇంటికి వచ్చింది. జనవరి నెలంతా అందులో హాయిగా కూర్చోగలిగినంత వేడి నీళ్ళు లేవు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి అమ్మినవాళ్ళ పేరు రాయడం లేదు. ఆ మాటలు వేరే బ్యానర్ కింద కూడా మీకు వినిపిస్తాయి, అందుకే వాటిని గుర్తుపట్టడమెలాగో చెబుతున్నాను.

ముందు బ్రోషర్‌లో ఉన్న మోసం. ఒకే పేజీలో పైన "4 కిలోవాట్ల హీటర్" అని, కింద "120 వోల్టుల ప్లగ్‌తో నడుస్తుంది" అని ఉంటుంది. విడివిడిగా చూస్తే రెండూ నిజమే, కానీ రెండూ ఒకేసారి జరగవు. ఇలాంటి టబ్‌లలో ఉండేది 240 వోల్టుల మీద 4 కిలోవాట్లు ఇచ్చే కాయిల్. అదే కాయిల్‌కి 120 వోల్టులిస్తే సగం వోల్టేజీకి వేడి నాలుగో వంతుకి పడిపోతుంది. అంటే ఒక్క కిలోవాటు. మామూలు 15 ఆంపుల ప్లగ్ నుంచి ఏకధాటిగా లాగదగ్గది 1,440 వాట్లే కాబట్టి, పంపు తీసుకున్నాక హీటర్‌కి అంతకంటే పెద్దగా మిగలదు కూడా. ఈ సంగతి అక్కడ స్టాల్‌లో నిలబడ్డవాళ్ళెవరూ చెప్పలేదు. మా ఆయన "హీటర్ ఎంత?" అని అడిగితే, వేలితో చూపించింది ఆ 4 అంకెనే.

ఆ ఒక్క కిలోవాటు ఎందుకు చాలదో లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే ఈ లెక్క చేతిలో ఉంటే మిమ్మల్ని ఎవరూ మాటలతో పడగొట్టలేరు. 350 గ్యాలన్ల టబ్ అనుకోండి. అందులో నీళ్ళే 1,300 కిలోల పైచిలుకు. వాటిని ఒక్క డిగ్రీ ఫారెన్‌హీట్ పెంచడానికి దాదాపు 0.85 యూనిట్ కరెంటు కావాలి. పంపు నీళ్ళు 50 డిగ్రీల్లో పడితే 102కి తేవడానికి 44 యూనిట్ల పైన, అదీ వేడి ఏమాత్రం బయటికి పోలేదనుకుంటే. ఒక కిలోవాటు హీటర్‌కి అది దాదాపు రెండు రోజుల పని. 5.5 కిలోవాట్ల హీటర్‌కి ఎనిమిది గంటలు.

కానీ వేడి పోతూనే ఉంటుంది. టబ్‌కి స్టాండ్‌బై వాట్లు అని ఒక అంకె ఉంటుంది. మూత వేసి ఉంచినప్పుడు నీటిని అదే వేడిలో నిలపడానికి సగటున ఎంత కరెంటు కావాలో అది చెబుతుంది. కాలిఫోర్నియాలో అమ్మే టబ్‌లకి ఆ లేబుల్ తప్పనిసరి, అందుకని చాలా మోడళ్ళకి ఆ అంకె దొరుకుతుంది. అయితే ఆ పరీక్ష చేసేది బయట సుమారు 60 డిగ్రీలున్నప్పుడు. మన దగ్గర జనవరి రాత్రుల్లో 20 డిగ్రీల దాకా పడిపోతుంది. నీటికీ గాలికీ తేడా 42 నుంచి 82కి పెరుగుతుంది, కాబట్టి పోయే వేడి కూడా ఇంచుమించు రెట్టింపవుతుంది. లేబుల్ మీద 350 వాట్లుంటే మన పెరట్లో అది 680 వాట్లన్నమాట. 1,000 వాట్ల హీటర్‌లో 680 ఆ నష్టం పూడ్చడానికే పోతే, నీటిని పైకి లేపడానికి మిగిలేది 320. చిల్లుకుండలో నీళ్ళు పోస్తున్నట్టే. ఆ లెక్కన పది డిగ్రీలు పెరగడానికి ఇరవై ఆరు గంటల పైన పడుతుంది. అదే 5.5 కిలోవాట్ల హీటరైతే రెండు గంటల లోపే.

దీనికి తోడు, 120 వోల్టుల మీద ఉన్నప్పుడు చాలా టబ్‌లలో జెట్లు (నీటిని జోరుగా చిమ్మే రంధ్రాలు) పెద్ద స్పీడులో పెడితే హీటర్ ఆగిపోతుంది, రెండింటికీ సరిపడా కరెంటు ఆ ప్లగ్‌లో ఉండదు కాబట్టి. మూత తీసి, జెట్లు వేసి, నలుగురూ కూర్చున్న ఆ అరగంటలో నీళ్ళు చల్లబడటమే తప్ప వేడెక్కడం ఉండదు. శుక్రవారం రాత్రి పిల్లలు కూర్చుని లేస్తే శనివారం రాత్రి పెద్దవాళ్ళకి గోరువెచ్చని నీళ్ళు. మా అత్తగారి మోకాళ్ళ నొప్పుల కోసమని కొన్నాం. ఆవిడ ఇండియా నుంచి వచ్చి ఉన్న చలికాలమంతా అది మూత వేసే ఉంది.

ఇక బిల్లు. హీటర్ ఆగకుండా తిరిగితే రోజుకి 24 యూనిట్లు, నెలకి 720. యూనిట్ 17 సెంట్లు అనుకుంటే 120 డాలర్ల పైన, పంపుకి అదనం. అంత కట్టినా నీళ్ళు వేడెక్కవు. ఇరవై ముప్ఫై డాలర్ల మాట ఏ ఊళ్ళో, ఏ నెలలో నిజమో వాళ్ళని కాగితం మీద రాసివ్వమనండి. మాకు రాసివ్వమంటే మాట మార్చారు.

"చాలకపోతే తర్వాత 240కి మార్చుకోవచ్చు, చిన్న పని" అన్నది రెండో మాట. అది చిన్న పని కాదు. 50 ఆంపుల ప్రత్యేక సర్క్యూట్, షాక్ కొట్టకుండా కరెంటుని వెంటనే ఆపేసే జీఎఫ్‌సీఐ బ్రేకర్, మందపాటి రాగి తీగలు, టబ్‌కి కనీసం 5 అడుగుల దూరంలో కళ్ళకి కనిపించేలా కరెంటు ఆపేసే డిస్‌కనెక్ట్ పెట్టె, ఊరి పర్మిట్, ఇన్‌స్పెక్షన్. ఎలక్ట్రిక్ కార్ చార్జర్, డ్రయర్, ఎలక్ట్రిక్ స్టవ్ ఉన్న ఇంట్లో ప్యానెల్‌లో అంత చోటు మిగిలి ఉంటుందని ఏమీ లేదు. మన ఇళ్ళల్లో చాలామందికి ఇప్పుడు కార్ చార్జర్ ఉంది. మాకు ఎలక్ట్రీషియన్ చెప్పిన మొత్తం టబ్ ధరలో మూడో వంతుకి దగ్గరగా ఉంది. టబ్ బేరం ఆడేముందే ఒక లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ప్యానెల్ చూపించండి. ఆ అంచనా చేతిలో లేకుండా టబ్ "చవక" అని అనుకోవడానికి వీల్లేదు.

మామూలు ప్లగ్ అన్నారని గరాజ్ ప్లగ్‌కి తగిలించినా ప్రమాదమే. గరాజ్‌లో రెండో ఫ్రిజ్ పెట్టుకోని తెలుగిల్లు తక్కువ. రెండూ ఒకే సర్క్యూట్ మీద పడితే బ్రేకర్ పడిపోతుంది, తెల్లారి చూసేసరికి ఫ్రీజర్‌లో ఉన్నదంతా కరిగిపోయి ఉంటుంది. 120 వోల్టుల టబ్‌కి కూడా దానికంటూ వేరే సర్క్యూట్ కావాలి. ఎక్స్‌టెన్షన్ తీగ మాత్రం ఏ పరిస్థితిలోనూ వాడకండి.

నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించినది నీళ్ళ విషయం. "ఇందులో ఓజోన్ ఉంది, కెమికల్స్ దాదాపు అక్కర్లేదు" అని చెప్పి అమ్మారు. ఓజోన్ గానీ యూవీ లైటు గానీ తన దగ్గరికి వచ్చిన నీటినే శుభ్రం చేస్తుంది, టబ్ మొత్తంలో నిలిచి కాపలా కాయదు. ఆ పని క్లోరినో బ్రోమినో చేయాలి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పేది స్పష్టంగా ఉంది: హాట్ టబ్‌లో క్లోరిన్ కనీసం 3 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 3 పాళ్ళు), బ్రోమిన్ వాడితే 4 నుంచి 8, పీహెచ్ 7.0 నుంచి 7.8, వేడి 104 డిగ్రీలు దాటకూడదు. వేడి నీటిలో క్లోరిన్ త్వరగా ఖర్చయిపోతుంది కాబట్టి టెస్ట్ స్ట్రిప్ ముంచి చూడకుండా దిగకూడదు. ఇదేమీ మాకు ఇచ్చిన కాగితాల్లో లేదు. మా చిన్నదానికి స్విమ్‌సూట్ ఉన్నచోటల్లా ఎర్రటి దద్దుర్లు లేచాయి. డాక్టరు చూడగానే "హాట్ టబ్ ఉందా ఇంట్లో?" అని అడిగారు. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే దద్దుర్లవి, టబ్ నీళ్ళు సరిగా లేకపోతే తరచూ కనిపించేవే. పాపకి తగ్గిపోయింది. సరిగా చూసుకోని టబ్ ఆవిరిలో లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా కూడా ఉండొచ్చని, దానివల్ల ఊపిరితిత్తులకి జబ్బు వస్తుందని, పెద్దవయసువాళ్ళకి ప్రమాదమని ఆ డాక్టరే చెప్పారు. అత్తగారిని, మామగారిని ఆ నీళ్ళలో కూర్చోబెట్టమని అమ్మినవాళ్ళు ప్రోత్సహించారు!

ఇక్కడ మన ఇళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. తలకి కొబ్బరినూనె, ఒంటికి లోషన్ ఉన్నవాళ్ళు సబ్బుతో స్నానం చేయకుండా దిగితే నీళ్ళమీద నురగ కడుతుంది, ఫిల్టర్ జిడ్డెక్కుతుంది, క్లోరిన్ అంతా ఆ నూనెతోనే ఖర్చయిపోతుంది. ఫిల్టర్ మూసుకుపోతే నీటి ప్రవాహం తగ్గి హీటర్ తనంతట తనే ఆగిపోతుంది, తెరమీద ఫ్లో ఎర్రర్ వస్తుంది. హీటర్ పాడైందని అనుకునే ముందు ఫిల్టర్ తీసి ఒకసారి నడిపి చూడండి. కొట్టులో దొరికే డైక్లోర్ (ఒక రకం క్లోరిన్) పొడి వాడితే దాంతోపాటు సయన్యూరిక్ యాసిడ్ కూడా నీళ్ళలో పేరుకుంటుంది, అది ఎక్కువైనకొద్దీ క్లోరిన్ పని మందగిస్తుంది. హాట్ టబ్‌లకి అది లేని రకం వాడమనే సీడీసీ సూచన. స్విమ్మింగ్ పూల్‌కి వాడే ట్రైక్లోర్ బిళ్ళలు మాత్రం తేలనివ్వకండి, వాటి ఆమ్లానికి హీటర్ కాయిల్ తినేసుకుపోతుంది. మూడు నాలుగు నెలలకోసారి నీళ్ళు పూర్తిగా మార్చాలి, మార్చేముందు పైపుల్లో పేరుకున్న జిగురు పోయే మందు వేసి తిప్పాలి. ఎక్స్‌పోలో ప్రదర్శనకి పెట్టిన టబ్‌ని తగ్గింపు ధరకి ఇస్తే, లేదా పాతది కొంటే, ఆ పని మొదటిరోజే చేయండి. దాని పైపుల్లో ఎవరి నీళ్ళు నిలిచి ఉన్నాయో మనకు తెలియదు.

వారంటీ గురించి కొద్దిగానే చెబుతాను. "అయిదేళ్ళు" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. చదివితే అది టబ్ గుల్లకి. హీటర్‌కి, సర్క్యూట్ బోర్డుకి వేరే గడువు. కూలీ, రానుపోను ఖర్చు మనవే. "నీటి రసాయనాలు సరిగా లేకపోతే వర్తించదు" అనే వాక్యం ఒకటుంటుంది. కెమికల్స్ అక్కర్లేదని చెప్పిన వాళ్ళే తర్వాత ఆ వాక్యం చూపించి చేతులు దులుపుకున్నారు. క్లోరిన్, పీహెచ్ అంకెలు తేదీలతో ఒక పుస్తకంలో రాసుకోండి, స్ట్రిప్‌ల ఫోటోలు దాచుకోండి. అమ్మినవాళ్ళతో వాదన వచ్చినప్పుడు మనకు పనికొచ్చే సాక్ష్యం అదే.

చట్టం మనకిచ్చిన ఒక హక్కు చాలామందికి తెలియదు, దయచేసి దీన్ని గుర్తుపెట్టుకోండి. ఫెయిర్‌గ్రౌండ్స్, హోటల్, కన్వెన్షన్ సెంటర్ లాంటి తాత్కాలిక చోట 130 డాలర్లు, ఆపైన కొన్నదాన్ని మూడు పనిదినాల్లో కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు. ఇది వినియోగదారుల్ని మోసాల నుంచి కాపాడే ఫెడరల్ సంస్థ ఎఫ్‌టీసీ పెట్టిన కూలింగ్ ఆఫ్ నియమం. శనివారం పనిదినమే, ఆదివారం, ఫెడరల్ సెలవులు కావు. శనివారం సంతకం పెడితే బుధవారం అర్ధరాత్రి దాకా గడువుంటుంది. రద్దు చేసుకునే ఫారాలు రెండు కాపీలు వాళ్ళే సంతకం నాడు చేతిలో పెట్టాలి. మాకు ఇవ్వలేదు, "డిపాజిట్ తిరిగి రాదు" అనే ముద్ర మాత్రం వేశారు. ఆ ముద్ర ఈ హక్కుని కొట్టేయలేదు. రద్దు ఉత్తరం సర్టిఫైడ్ మెయిల్‌లో గడువులోపు పోస్టు చేయండి, అది అందిన పది పనిదినాల్లో డబ్బు వెనక్కివ్వాలి. వాళ్ళ శాశ్వత షాపుకి వెళ్ళి కొన్నదానికి, పూర్తిగా ఆన్‌లైన్‌లో కొన్నదానికి ఇది వర్తించదు. డిపాజిట్ క్రెడిట్ కార్డు మీదే కట్టండి, చెక్కు ఇస్తే తగ్గిస్తామన్నా సరే. చెప్పినట్టు వస్తువు లేనప్పుడు కార్డు కంపెనీ దగ్గర డిస్ప్యూట్ పెట్టుకునే దారైనా ఉంటుంది.

అయినా కొనాలనుకుంటే, 240 వోల్టుల మీదే కొనండి. హీటర్ ఎన్ని వాట్లో "ఏ వోల్టేజీ మీద" అని కలిపి అడగండి. స్టాండ్‌బై వాట్ల లేబుల్ ఫోటో తీసుకోండి. జెట్లు తిరుగుతుంటే హీటర్ నడుస్తుందా అన్నది ఒప్పందంలో రాయించండి. ఎన్ని జెట్లు, పంపు ఎన్ని హార్స్‌పవర్ అన్నవి పట్టించుకోవాల్సిన అంకెలు కావు. చెక్క డెక్ మీద పెట్టిస్తామంటే ఒప్పుకోకండి: ఇళ్ళ డెక్‌లు సాధారణంగా చదరపు అడుగుకి 40 పౌండ్లకి కడతారు, నిండిన టబ్ 100 దాకా మోపుతుంది. కాంక్రీటు పలకే వేయించండి. మూత బిగుతుగా, తాళం పడేలా ఉండాలి, పసిపిల్లలున్న ఇంట్లో ఇది బేరమాడే విషయం కాదు. మంచు పడ్డ మర్నాడు పెరట్లో అంతటా మంచు నిలిచి మూతమీద మాత్రమే కరిగిపోతుంటే, మీ కరెంటు డబ్బులు అందులోంచే పోతున్నట్టు. లోపలి ఫోమ్ నీళ్ళు పీల్చి మూత బరువెక్కితే మార్చేయడమే.

అయిదేళ్ళలోపు పిల్లల్ని దింపకండి. గర్భిణులు, బీపీకి, గుండెకి మందులు వాడే పెద్దవాళ్ళు ముందు డాక్టర్ని అడగాలి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళకి నీళ్ళెంత కాలుతున్నాయో తెలియదు, వాళ్ళు దిగేముందు థర్మామీటరుతో మీరే చూడండి.

ఇప్పటికే కొనేసి 120 మీద నడుపుతున్నవాళ్ళు చలికాలంలో దాన్ని ఆపేయకండి. నీళ్ళుండగా ఆగిపోతే టబ్ నీళ్ళ కంటే ముందు పక్కనున్న సన్నటి పైపులు గడ్డకట్టి పగులుతాయి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో కరెంటు పోయినప్పటిలాంటి రోజు వస్తే మూత అస్సలు తెరవకండి. ముందుగానే నీళ్ళమీద తేలే బుడగల దుప్పటి ఒకటి మూత కింద వేయండి, ఉత్తరపు గాలికి అడ్డం కట్టండి, కొంచెం తేడా కనిపిస్తుంది. మీకూ ఇలాగే అబద్ధాలు చెప్పి అమ్మి ఉంటే బ్రోషర్, రసీదు, మెసేజ్‌లు అన్నీ జతచేసి మీ రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసులో వినియోగదారుల విభాగానికి, ఎఫ్‌టీసీకి ఫిర్యాదు పంపండి. ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు, లాయరు అక్కర్లేదు.