చెరువు గట్టు లెక్కలకు కౌచ్‌డీబీయా, పోస్ట్‌గ్రెస్టా? ఏది మేలు?

భీమవరం చుట్టుపక్కల వెనామీ రొయ్యల చెరువుల లెక్కలు చూడటం నా పని. మేత ఎంత వేశారు, డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) ఎంత, పీహెచ్ (పులుపు-క్షార గుణం) ఎంత, సెలినిటీ (ఉప్పదనం) ఎంత. ఒకప్పుడు ఇవన్నీ మోటారు షెడ్డులో మేకుకు వేలాడే నోటుపుస్తకంలో ఉండేవి. ఇప్పుడు గుమస్తా ఫోనులోంచి సర్వరుకు వస్తున్నాయి. డేటా పోయడం, అంటే సర్వరులోకి ఎక్కించడం, సెట్టింగులు మార్చడం, కావలసింది అడిగి తీసుకోవడం, మూడూ హెచ్‌టీటీపీ మీదే, అంటే వెబ్ పేజీలు నడిచే దారిలోనే. ఫోనులో బ్రౌజరు ఉంటే చాలు, డేటాబేసు సాఫ్ట్‌వేరు పెట్టక్కర్లేదు.

దీనికి నేను రెండు దారులు వాడి చూశాను. ఒకటి కౌచ్‌డీబీ అనే డేటాబేసు. ఇది పుట్టుకతోనే వెబ్ సర్వీసు, దానితో మాట్లాడాలంటే హెచ్‌టీటీపీ తప్ప వేరే దారి లేదు. రెండోది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు. దాని ముందు పోస్ట్‌గ్రెస్ట్ అనే చిన్న ప్రోగ్రాము కూర్చుని, టేబుళ్లను చూసి తనే వెబ్ సర్వీసు తయారు చేసి పెడుతుంది. ఎవరిని అడిగినా ముందు "ఏది వేగంగా వెతుకుతుంది?" అంటారు. వంద చెరువుల లెక్కకు వేగం ఎవరికి కావాలండీ? నన్ను ముప్పుతిప్పలు పెట్టింది వెతకడం కాదు, పోయడం.

నేను మొదట పెట్టింది కౌచ్‌డీబీ. గట్టు మీద సిగ్నలు ఒక్క గీత ఉంటుంది, అదీ గాలివాటంగా. గుమస్తా మేత లెక్క పంపుతాడు, సర్వరు తీసుకుంటుంది, "అందింది" అన్న జవాబు మాత్రం దారిలో పోతుంది. ఫోను అందలేదేమో అనుకుని మళ్లీ పంపుతుంది. ఓ రోజు పొద్దున్నే ఉండి ఊరి రాజుగారు ఫోన్ చేశారు. "ఏం బాబూ, నేను 40 కిలోలు వేయమంటే మావాడు 80 కిలోలు వేశాడా? నా రొయ్యలు రాత్రికి రాత్రి అంత తిన్నాయా?" తప్పు కుర్రాడిది కాదు, నాది. ఐడీ ఇవ్వకుండా పోస్ట్ (కొత్తది చేర్చుకో అనే ఆదేశం) చేస్తే కౌచ్‌డీబీ వచ్చిన ప్రతిసారీ కొత్త ఐడీ వేసుకుని కొత్త డాక్యుమెంటుగా దాచుకుంటుంది. ఆ సంగతి తెలిసీ బద్ధకించాను.

ఆ రోజే మార్చాను. చెరువు నంబరు, గుమస్తా నొక్కిన సమయం కలిపి ఐడీగా చేసి, పోస్ట్ బదులు పుట్ (ఈ ఐడీ కింద దాచు అనే ఆదేశం) పెట్టాను. రెండోసారి వస్తే సర్వరు 409 అంటుంది. మామూలుగా అది తగవు కోడు, మనకు మాత్రం శుభవార్త, సరుకు ముందే చేరిందని అర్థం. అందుకే ఫోనులో 409 వచ్చినా పచ్చ టిక్కే చూపిస్తాను. ఎర్ర గుర్తు కనబడితే కుర్రాడు కంగారుపడి పదిసార్లు నొక్కుతాడు మరి.

పోస్ట్‌గ్రెస్ట్‌లో అదే పనికి చెరువు నంబరు, సమయం కలిపి టేబులుకు ప్రైమరీ కీ (ఒకే వరస రెండుసార్లు రాకుండా ఆపే గుర్తు) పెట్టి, పంపేదాని తలకట్టులో, అంటే హెడరులో, "రెండోది వస్తే వదిలెయ్" అని చెప్పాలి. ఇంతవరకూ ఇద్దరూ సమానమే. మూటగా పంపినప్పుడు తేడా తెలుస్తుంది. పోస్ట్‌గ్రెస్ట్‌కు 200 వరసలు ఒకేసారి పంపితే, ఒక్కదాంట్లో తప్పున్నా మొత్తం వెనక్కి కొడుతుంది. కౌచ్‌డీబీలో మూటగా పంపే బల్క్ డాక్స్‌లో దేని గతి దానిదే. పైన 201, అంటే తీసుకున్నాను, అని నవ్వుతూ జవాబిస్తుంది, లోపల వరసవారీగా చూస్తే నాలుగు తిరగ్గొట్టి ఉంటుంది. పైకోడు చూసి సంబరపడితే మునిగినట్టే. గట్టు మీద నుంచి వచ్చే చిన్న పొట్లాలకు కౌచ్‌డీబీ తీరు నయం, ఒక చెడ్డ రీడింగు కోసం మిగతావి ఆగవు. ఆఫీసులో కూర్చుని పాత నోటుపుస్తకాలు ఎక్కించేటప్పుడు మాత్రం నాకు పోస్ట్‌గ్రెస్ట్ మొండితనమే ఇష్టం.

పైగా అది సీఎస్‌వీ ఫైలును నేరుగా తీసుకుంటుంది. ఎక్సెల్‌లో కొట్టించి, సేవ్ చేసి, పంపడమే. ఒక్కటే మెలిక. సెలినిటీ చూడని రోజున గడి ఖాళీగా వదిలేస్తే ఒప్పుకోదు, దాన్ని అంకె కానిదిగా చూసి మొత్తం తిప్పి పంపుతుంది. ఆ గడిలో 'నల్' అన్న మాట ఇంగ్లిషు పెద్దక్షరాల్లో ఉండాలి. ఇది కనుక్కోవడానికి నాకు ఓ మధ్యాహ్నం పట్టింది.

సెట్టింగుల సంగతికొస్తే కౌచ్‌డీబీ హాయి. డేటాబేసు పుట్టించడం, ఇండెక్సు కట్టడం, సర్వరు సెట్టింగులు దిద్దడం, అన్నీ వెబ్ సర్వీసే. పోస్ట్‌గ్రెస్ట్‌లో టేబులు కట్టాలంటే సర్వరులోకి దిగి ఎస్‌క్యూఎల్ రాయాలి. కొత్త కాలమ్ పెట్టాక స్కీమాను (టేబుళ్ల నిర్మాణాన్ని) మళ్లీ చదవమని కబురు పంపకపోతే, ఆ కాలమ్ లేనే లేదంటుంది. చికాకే. కానీ గుమస్తా ఫోనులో ఉన్న టోకెను (లోపలికి రానిచ్చే గుర్తింపు) ఎవడి చేతికి చిక్కినా టేబులు పీకలేడు.

ఎవరు ఏది చూడొచ్చన్న దాంట్లో తూకం పూర్తిగా ఒకవైపు ఒరిగింది. పట్టుబడికి ముందు కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో, అంటే కౌంటు ఎంతో, బయటికి పొక్కితే బేరంలో దెబ్బ తింటారు. కాబట్టి ఒకరి లెక్క ఇంకొకరి కంట పడకూడదు. కౌచ్‌డీబీలో డేటాబేసు చదవడానికి అనుమతిస్తే అందులోవన్నీ చదివేయొచ్చు. అందుకని రైతుకో డేటాబేసు కట్టాలి, అందరి లెక్కా కలిపి చూడాలంటే మళ్లీ అన్నీ ఒకచోట పోయాలి. పోస్ట్‌గ్రెస్‌లో వరసల స్థాయిలోనే కాపలా పెట్టొచ్చు. టోకెనులో రైతు నంబరు ఉంటే ఆ రైతు వరసలే బయటికొస్తాయి.

ఇక అడగడం. రైతు రోజూ అడిగేది ఒక్కటే, "తెల్లవారుజామున డీవో ఎంతకు దిగింది?" రాత్రి ఎండ ఉండదు, నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇవ్వడం మాని తనూ పీల్చుకుంటుంది. సూర్యోదయానికి ముందు డీవో అట్టడుగుకు చేరుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములకు దిగకముందే నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతుండాలి. అంటే రోజు సగటు పనికిరాదు, రాత్రి కనిష్ఠం కావాలి. సమయాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక కాలంలో) దాస్తే తేదీ మారేది మనకు సరిగ్గా ఉదయం 5:30కి. తేదీ ప్రకారం గుంపు కడితే, అందరూ గట్టు మీద ఉన్న వేళకే రోజు రెండుగా చీలుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో భారత కాలమానంలోకి మార్చి, మధ్యాహ్నం నుంచి మధ్యాహ్నానికి ఒక రాత్రిగా లెక్కగట్టే వ్యూ, అంటే ముందే రాసిపెట్టిన ప్రశ్న, ఒకటి రాస్తే పోస్ట్‌గ్రెస్ట్ దాన్నీ టేబులులాగే చూపిస్తుంది. కౌచ్‌డీబీలో వెతకడానికి ఉన్న ఫైండ్ వాడితే వడపోతే తప్ప కనిష్ఠం రాదు. మ్యాప్ రెడ్యూస్ అనే లెక్క ప్రోగ్రాముతో వ్యూ రాయాలి. వస్తుంది, బాగానే వస్తుంది. కానీ రేపు రైతు ప్రశ్న మారిస్తే వ్యూ మారుతుంది, వ్యూ మారితే ఇండెక్సు మళ్లీ మొదటినుంచి కట్టుకుంటుంది.

పోస్ట్‌గ్రెస్ట్‌ను సమయం పెట్టి అడిగేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. భారత కాలమానమని చెప్పడానికి సమయం చివర రాసే +05:30లోని కూడిక గుర్తు వెబ్ చిరునామాలో ఖాళీ జాగాగా మారిపోతుంది. దాన్ని ఎన్‌కోడ్ చేసి (వెబ్ చిరునామాకు సరిపడే గుర్తులుగా మార్చి) పంపకపోతే ప్రశ్న తిరిగొస్తుంది.

సెన్సర్లు మాత్రమే ఉన్నవాళ్లు సమయం వెంట వచ్చే రీడింగుల కోసం ఉన్న ఇన్‌ఫ్లక్స్‌డీబీ అనే డేటాబేసు కూడా చూడొచ్చు. నేను చూసి వదిలేశాను. సమయం ఏ ప్రమాణంలో ఉందో చెప్పకపోతే నానోసెకన్లు అనుకుంటుంది, నేను సెకన్లలో పంపితే నా చెరువులన్నీ 1970 జనవరి 1కి వెళ్లి కూర్చున్నాయి. అప్పటికి మన దగ్గర వెనామీ లేనే లేదు. అడిగే భాష వెర్షను వెర్షనుకూ మారడం కూడా నాకు నచ్చలేదు.

మరి ఏది మేలంటే, నా ఓటు పోస్ట్‌గ్రెస్ట్‌కే. కానీ కౌచ్‌డీబీని పూర్తిగా తీసేయలేకపోయాను. మొగల్తూరు దిక్కున సముద్రానికి దగ్గర్లో మాకు రెండు చెరువులున్నాయి, అక్కడ ఒక్కోసారి రోజంతా సిగ్నలుండదు. శివారు భూములకు కాలవ నీళ్లు ఆఖర్న చేరినట్టే అక్కడి లెక్కలూ ఆఖర్న చేరతాయి. అక్కడి ఫోన్లలో పౌచ్‌డీబీ, అంటే బ్రౌజరులోనే నడిచే చిన్న డేటాబేసు, పెట్టాను. లెక్కలు ఫోనులోనే దాచి, సిగ్నలు దొరికిన ఘడియలో సర్వరులోని కౌచ్‌డీబీతో తనే సరిచూసుకుంటుంది. రోజూ రాత్రి 11కి ఓ చిన్న స్క్రిప్టు నిన్నటి నుంచి ఏం మారిందో కౌచ్‌డీబీని అడిగి, ఆ వరసల్ని పోస్ట్‌గ్రెస్ట్‌లో పోస్తుంది. స్క్రిప్టు రెండుసార్లు నడిచినా ఫర్వాలేదు, కీ అదే కదా.