బేస్ గిటార్ శబ్దం వచ్చిపోతుంటే: క్లీనర్ కొట్టాలా, సోల్డర్ వేయాలా, జాక్ మార్చాలా?

వాయిస్తుండగా శబ్దం టక్కున ఆగిపోతుంది, కేబుల్ కదిపితే మళ్ళీ వస్తుంది. దీనికి చేయగలిగినవి మూడే: కాంటాక్ట్ క్లీనర్ కొట్టడం, సోల్డరింగ్ మళ్ళీ వేయడం, పార్ట్ మార్చడం. చాలామంది ముందు స్ప్రే డబ్బా అందుకుంటారు. పాట్ (నాబ్ కింద ఉండి, తిప్పితే శబ్దాన్ని మార్చే పార్ట్) విషయంలో అది సరైనదే. జాక్ (కేబుల్ గుచ్చే సాకెట్) విషయంలో మాత్రం స్ప్రేతో పోయేది డబ్బే.

ఏది చేయాలన్నా ముందు కొలవాలి. వేరే కేబుల్‌తో, వేరే ఆంప్‌తో కూడా శబ్దం పోతోందంటే లోపం బేస్‌లోనే ఉంది. మంచి కేబుల్ ఒక కొన బేస్‌లో పెట్టి, రెండో కొన ప్లగ్ మొనకి, వెనక గొట్టానికి మల్టీమీటర్ తీగలు ఆనించండి. మీటర్ 20 కె (కిలో ఓమ్) రేంజ్‌లో, నాబ్‌లన్నీ ఫుల్‌లో ఉండాలి. పాసివ్ (బ్యాటరీ లేని) జాజ్ బేస్ అయితే రెండు పికప్‌లూ (తీగల కంపనాన్ని పట్టే అయస్కాంత భాగాలు) కలిసి సుమారు 3.5 నుంచి 4 కె, ప్రెసిషన్ బేస్ అయితే 10, 11 కె దరిదాపుల్లో చూపిస్తుంది. అంకె ఎంతన్నది అంత ముఖ్యం కాదు, నిలకడగా ఉందా అన్నదే చూడాలి. ప్లగ్‌ని నాలుగు వైపులకీ నెట్టండి, నాబ్‌లని పక్కకి నొక్కండి, పికప్‌ల మీద వేలితో తట్టండి. రీడింగ్ ఓఎల్‌కి, అంటే సర్క్యూట్ తెగిందన్న గుర్తుకి (చవక మీటర్లలో ఎడమ మూల 1కి) ఎగిరితే ఎక్కడో తీగ తెగింది, లేదా జాక్ స్ప్రింగ్ వదులైంది. సున్నాకి పడితే హాట్ వైర్ (సిగ్నల్ తీగ) ఎర్త్‌కి తగులుతోంది. చెవికీ తేడా తెలుస్తుంది: తెగితే గుయ్యిమనే హమ్ మిగులుతుంది, షార్ట్ అయితే నిశ్శబ్దం.

యాక్టివ్ (బ్యాటరీతో నడిచే) బేస్‌లో మధ్యలో ప్రీఆంప్ (సిగ్నల్‌ని పెంచే చిన్న సర్క్యూట్) ఉంటుంది కాబట్టి ఈ కొలత పనికిరాదు. ప్రీఆంప్‌ని తప్పించే పాసివ్ స్విచ్ ఉంటే అటు వేసి వినండి. అక్కడ శబ్దం బాగుంటే బ్యాటరీనో ప్రీఆంప్‌నో అనుమానించాలి.

ఇక జాక్. ఓపెన్ ఫ్రేమ్ జాక్‌లో స్ప్రింగ్ బయటికి కనిపిస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడిచి, ప్లగ్ తీసేసి, స్ప్రింగ్‌ని ఒక మిల్లీమీటరు లోపలికి వంచితే తాత్కాలికంగా బాగుపడుతుంది. రెండోసారి కూడా వంచాల్సి వచ్చిందంటే లోహంలో బిగువు పోయినట్టే, మార్చేయండి. గొట్టం ఆకారపు బ్యారెల్ జాక్‌లో స్ప్రింగ్‌లు లోపల మూసి ఉంటాయి, వంచే వీలే లేదు. దాన్ని నేరుగా మార్చడమే మేలు, అదీ అదే రకంతో. బాడీ పక్కన మందపాటి చెక్కలో బిగించే చోట ఓపెన్ జాక్ మర చాలదు.

అసలు చాలా జాక్‌లు పాడయ్యేది నట్టు వదులవడం వల్లే. జాక్ గిర్రున తిరిగి లోపలి తీగలు మెలిపడి తెగుతాయి. బయటినుంచి స్పానర్ వేసి నట్టు బిగిస్తే జాక్ ఇంకా తిరుగుతుంది, తీగలు ఇంకా మెలిపడతాయి. ప్లేట్ విప్పి, జాక్‌ని లోపల చేత్తో పట్టుకుని, పళ్ళ వాషర్ వేసి బిగించాలి.

యాక్టివ్ బేస్‌లో జాక్ స్టీరియోది. బ్యాటరీ నల్ల తీగ దాని రింగ్ కాలికి (మోనో జాక్‌లో ఉండని మూడో కాలికి) వెళ్తుంది, ప్లగ్ పెట్టినప్పుడే బ్యాటరీ ఆన్ అవుతుంది. దాని బదులు మోనో జాక్ పెట్టి ఆ తీగని ఎర్త్‌కి కలిపితే, కేబుల్ తీసేసినా బ్యాటరీ అరిగిపోతూనే ఉంటుంది. తీగలు ఊడదీసే ముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి.

పాట్ తిప్పితే గరగరలాడుతోందా? ఇక్కడ క్లీనర్‌కే మొదటి ఓటు. మూడు కాళ్ళ దగ్గరి సందులోంచి ఒక్క సెకను స్ప్రే చేసి, ఈ చివర నుంచి ఆ చివరకి 20, 30 సార్లు తిప్పండి. మామూలు డబ్ల్యూడీ-40 వద్దు, లోపలి గ్రీజుని కడిగేస్తుంది. గరగర మళ్ళీ వెంటనే వస్తే మధ్య కాలికీ చివరి కాలికీ మీటర్ పెట్టి మెల్లగా తిప్పండి. ఒకచోట రీడింగ్ ఎగిరిందంటే కార్బన్ ట్రాక్ అరిగిపోయింది, ఇక స్ప్రే ఎంత కొట్టినా దండగే. ట్రాక్ బాగుండి కూడా గరగర పోకపోతే పాట్ మీద డీసీ వోల్టేజ్ ఉందేమో కొలవండి. ప్రీఆంప్‌లో కెపాసిటర్ లీక్ అయితే ఇలాగే ఉంటుంది, అప్పుడు పాట్ మార్చినా లాభం లేదు.

కొత్త పాట్ కొనేటప్పుడు విలువ ఒక్కటే చూస్తే చాలదు. పాసివ్‌కి సాధారణంగా 250 కె, ఈఎంజీ కంపెనీ యాక్టివ్ పికప్‌లకి 25 కె. కానీ సీటీఎస్ కంపెనీ పాట్ మరకి 9.5 మి.మీ. రంధ్రం కావాలి, చిన్న పాట్‌లకి 7 మి.మీ. చాలు. షాఫ్ట్ పళ్ళు కూడా 24, 18 అని రెండు రకాలు. రకం మారితే పాత నాబ్ పట్టదు.

సోల్డర్ అతుకు మసకగా, గరుకుగా ఉంటే పైపైన వేడిచేయడం కన్నా పాతది పీల్చేసి 60/40 (తగరం, సీసం) రోజిన్ కోర్ సోల్డర్‌తో కొత్తగా వేయడం మేలు. పాట్ వీపుకి 40 నుంచి 60 వాట్ల ఐరన్ మూడు నాలుగు సెకన్లు. 25 వాట్ల ఐరన్‌ని అక్కడే పెట్టి కూర్చుంటే వేడి లోపలికి పాకి ట్రాక్ దెబ్బతింటుంది.

గట్టిగా మీటినప్పుడే శబ్దం చిట్లి ఆగే యాక్టివ్ బేస్‌లో మాత్రం ఇవన్నీ విప్పకండి. ముందు 9 వోల్ట్ బ్యాటరీ కొలవండి, 8 కన్నా తక్కువుంటే మార్చండి. క్లిప్ వదులైతే ప్లయర్‌తో నొక్కి బిగించే బదులు కొత్తది వేయండి, దాని ధర కప్పు టీకి అటూ ఇటూ.

జాక్ బాగుచేశాక కేబుల్‌ని స్ట్రాప్‌కీ బాడీకీ మధ్యలోంచి తిప్పి ప్లగ్ పెట్టండి. ఎవరైనా కేబుల్ తొక్కినా లాగుడు స్ట్రాప్ మీద పడుతుంది, జాక్ మీద పడదు.