ఇరుకు సందులో శ్లాబుకు అద్దె లైన్ పంపు: ఎక్కడ అక్కరకొస్తుంది, ఎక్కడ దండగ

ప్లాంటులో కలిపిన కాంక్రీటు తెచ్చే రెడీమిక్స్ లారీ వెడల్పే ఎనిమిదడుగుల పైమాట. పన్నెండడుగుల సందు, రెండు పక్కలా బైకులు, నెత్తిన కరెంటు తీగలు... హైదరాబాద్ పాత బస్తీల్లో ఇదే మామూలు పరిస్థితి. లారీ ఇంటిదాకా రాదు. పొడవాటి ఇనప చెయ్యి చాపి కాంక్రీటు పోసే బూమ్ పంపు ఊసు అసలు వద్దు: కాళ్లు చాపుకోవడానికే దానికి సందు చాలదు, తీగల మధ్య చెయ్యి లేపితే ప్రాణాలకే ముప్పు. మిగిలేవి రెండు దారులు: అక్కడే మాలు కలిపి పైకి ఎత్తే లిఫ్ట్ మిల్లర్, లేదా సందు మొగలో నిలబెట్టి గొట్టాల్లో కాంక్రీటు తోసే లైన్ పంపు.

1,200 చదరపు అడుగుల శ్లాబు, 5 అంగుళాల మందం అనుకుంటే 14 ఘనపు మీటర్లు. బీములతో కలిపి 18 దాకా పోతుంది. 1:1.5:3 పాళ్లలో ఒక ఘనపు మీటరుకు ఎనిమిది బస్తాలు చొప్పున, బస్తాకో తిప్పు అనుకున్నా మిల్లర్‌తో 144 తిప్పులు. తిప్పుకు మూడు నిమిషాలైనా ఏడు గంటలు దాటుతుంది. మధ్యాహ్నానికి కూలీలు అలిసిపోతారు, మాలులో నీళ్లు పెరుగుతాయి. 6 ఘనపు మీటర్ల లారీలు మూడు వరసగా వస్తే పంపు ఆ పనిని రెండు మూడు గంటల్లో తేల్చేస్తుంది. ఈ పనికి లైన్ పంపుకు అయిదులో నాలుగున్నర మార్కులు వెయ్యొచ్చు.

ఫుటింగులకు, కాలమ్‌లకు మాత్రం రెండే. 125 ఎంఎం గొట్టం వంద మీటర్లు పరిస్తే లోపలే 1.2 ఘనపు మీటర్ల కాంక్రీటు ఉండిపోతుంది. మూడు ఘనపు మీటర్ల పనికి అంత మాలు గొట్టంలో నిలిస్తే ఏం మిగిలినట్టు? పైగా చాలామంది కనీస పరిమాణం లెక్కనే బిల్లు వేస్తారు. అలాంటి పనికి మిల్లరే నయం.

అద్దెకు తెచ్చుకునేది పంపే అయినా, పని నడిచేది గొట్టాల మీద, వాటిని బిగించే మనుషుల మీద. బేరంలో ఇంజను ఎంత కొత్తదని కాదు, గొట్టాలు ఎన్ని, వంపులు ఎన్ని, చివరి రబ్బరు హోసు ఉందా, క్లాంపుల్లో రబ్బరు రింగులు బాగున్నాయా అని అడగాలి. రింగు చిరిగితే ఆ చీలికలోంచి సిమెంటు పాలు కారిపోతాయి, వెనక కంకర ఎండి బిగుసుకుంటుంది. మొదటి బ్లాకు, అంటే గొట్టం మూసుకుపోవడం, సాధారణంగా అక్కడే. వంపుల బయటి వైపు రేకు అరిగిందేమో కూడా చూడండి, ఒత్తిడికి పగిలేది అదే.

మూడు మీటర్ల గొట్టం నిండితే లోపలి కాంక్రీటే 90 కిలోలకు దగ్గర. పంపు వేసే ప్రతి తోపుకూ గొట్టం ముందుకీ వెనక్కీ ఊగుతుంది. అందుకే సెంట్రింగ్‌కు కట్టకూడదు, కమ్ముల మీద నేరుగా పెట్టకూడదు. కింద పాత టైర్లో చెక్క దిమ్మలో వెయ్యాలి. నిలువు గొట్టాన్ని పాత కాలమ్‌కో గట్టి గోడకో విడిగా బిగించాలి. పోత దూరపు మూల నుంచి మొదలుపెట్టి, గొట్టాలు ఒక్కొక్కటి విప్పుకుంటూ వెనక్కి రావాలి. ఇది తెలియని బృందమైతే తడి శ్లాబు మీద గొట్టాలు ఈడుస్తూ కమ్ముల కింద ఎత్తుకు పెట్టిన కవర్ బ్లాకులన్నీ పడగొడుతుంది.

మొదట ఒకటి రెండు బస్తాల సిమెంటు జారు తోలి గొట్టం లోపల తడపాలి. అది చివర బయటికి వచ్చినప్పుడు తొట్టిలో పట్టుకోవాలి, బీములో పడితే అక్కడ కంకరే ఉండదు.

ఆర్డరిచ్చేటప్పుడు 20 ఎంఎం కంకరతో పంపుకు పనికొచ్చే మిక్స్ అని చెప్పాలి. స్లంపు, అంటే మాలు ఎంత జారుగా ఉందో చెప్పే కొలత, పంపు దగ్గర 120 ఎంఎం అటూఇటూ ఉంటే సాఫీగా పోతుంది. కదలడం లేదని డ్రమ్ములో నీళ్లు కొట్టించడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఒత్తిడికి నీళ్లు ముందుకు పోతాయి, కంకర వంపు దగ్గర ఇరుక్కుంటుంది. అంటే నీళ్లతో బ్లాకు తీయడం కాదు, కొత్తది తయారుచేయడం. బలం తగ్గడం సరేసరి. చలానాలో లోడింగ్ టైమ్ చూడండి. రెడీమిక్స్‌కు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 4926 ప్రకారం లోడింగ్ నుంచి రెండు గంటల్లోపు దించాలి.

లారీకి లారీకి మధ్య ఎడం వస్తే పంపులో మాలు పోసే హాపరు ఖాళీ చేయొద్దు, గాలి చొరబడుతుంది. సగం మాలు ఉంచి అయిదు పది నిమిషాలకోసారి రెండు తోపులు వెయ్యాలి. ఎండాకాలం గొట్టాల మీద తడి గోనెసంచులు తప్పనిసరి.

బ్లాకు పడితే రెండు మూడు తోపులు రివర్స్ కొట్టాలి. అప్పటికీ కదలకపోతే గొట్టం వెంట సుత్తితో తడుతూ పోతే, బిగిసిన చోట మోత మొద్దుగా మారుతుంది. ఒత్తిడి పూర్తిగా దించాకే క్లాంపు విప్పాలి. గాలితో స్పాంజి బంతిని తోసి కడిగేటప్పుడు హోసు మూతికి ఎదురుగా ఎవరూ ఉండకూడదు, హోసు విసిరికొడితే మనిషి దక్కడు.

పునాదిలో పరిచే కంకర, గ్రావెల్ ఈ పంపుతో కుదరవు. వాటికి ట్రాక్టరూ తట్టలే గతి.

ఈ సేవలో నచ్చనిది చివరి అరగంట. హాపరు కడిగిన నీళ్లు, మిగిలిన మాలు సందు డ్రైనేజీలోకి వదిలేసి పోవడం అలవాటు. మర్నాటికి అది కాలువలో రాయవుతుంది, ఇరుగుపొరుగుతో గొడవ ఇంటి యజమానికి మిగులుతుంది. మిగిలిన కాంక్రీటు దించడానికి టార్పాలిన్ వేసిన చోటు, నీళ్లకు రెండు డ్రమ్ములు ముందే పెట్టి, కడగడం పంపు వాళ్ల పనేనని బిల్లు మీద రాయించుకోండి.