గణిత సూత్రాలకు వర్డా, లేటెక్కా?

హనుమకొండలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు రాసేవాళ్లు, ట్యూషన్ సార్లు తరచూ అడిగేదే ఇది. లేటెక్ అంటే కమాండ్లు టైప్ చేసి రన్ చేస్తే పీడీఎఫ్ తయారుచేసి ఇచ్చే సాఫ్ట్‌వేర్.

ఖర్చు: కంప్యూటర్లో వేసుకునే వర్డ్‌కి లైసెన్స్ కొనాలి. లేటెక్ ఉచితం.

నేర్చుకోవడం: వర్డ్‌లో ఆల్ట్, ఈక్వల్ కలిపి నొక్కితే సూత్రం పెట్టె వచ్చేస్తుంది. లేటెక్‌లో భిన్నం కావాలంటే బ్యాక్‌స్లాష్ కొట్టి ఫ్రాక్ అని రాసి, లవం ఒక ఫ్లవర్ బ్రాకెట్లో, హారం ఇంకోదాంట్లో పెట్టాలి. ఒక్క బ్రాకెట్ మూయడం మరిస్తే ఎర్రర్, మొదట్లో టెన్షన్ మామూలే.

నంబర్లు: ఇక్కడ నా ఓటు లేటెక్‌కే. మూడో అధ్యాయం మధ్యలో ఇంకో సమీకరణం చేర్చమని గైడు అంటే, అన్నిటికీ లేబుల్ (ఒక గుర్తు పేరు) ఇచ్చి రెఫ్ అనే కమాండ్‌తో పిలిచి ఉన్నట్టయితే, రెండుసార్లు రన్ చేయగానే తర్వాతి నంబర్లూ, "సమీకరణం 3.7 ప్రకారం" లాంటి ప్రస్తావనలూ వాటంతటవే సర్దుకుంటాయి. వర్డ్‌లోనూ క్రాస్ రిఫరెన్స్ ఉంది కానీ సూత్రాలకు దాన్ని అమర్చడం పెద్ద చాకిరీ.

తెలుగు మీడియం పేపరు: వర్డ్‌లో నేరుగా టైప్ చేయొచ్చు. లేటెక్‌లో అయితే దానిలోనే రకాలైన జీలేటెక్ గానీ లువాలేటెక్ గానీ వాడి తెలుగు యూనికోడ్ ఫాంటు పెట్టుకోవాలి.

రిస్కు: జిరాక్స్ సెంటర్లో వర్డ్ ఫైలు తెరిస్తే ఫాంట్లు మారి పేజీలు చెదరొచ్చు, పీడీఎఫ్ చేసే ఇవ్వండి.

రేపటికి రెండు పేజీల టెస్టు పేపరుంటే వర్డ్ చాలు. థీసిస్‌కి లేటెక్, అదీ మొదటి అధ్యాయం నుంచే. గైడు వర్డ్‌లోనే దిద్దుతానంటే మాత్రం ముందే మాట్లాడి తేల్చుకోండి.